ఎండలో పరుగు.. ఆగడమూ తెలియాలి

మనామా: మారథాన్ అంటే 42 కిలోమీటర్ల 195 మీటర్లు. అంకె చెబితే ఎంత దూరమో ఒక పట్టాన అర్థం కాదు. బహ్రెయిన్‌లో ఉన్నవాళ్లకు మాత్రం చెప్పడం తేలిక. ఇక్కడి ప్రధాన దీవి ఉత్తరం కొస నుంచి దక్షిణం కొస దాకా దాదాపు 48 కిలోమీటర్లు. మనామాలో బయల్దేరి, రిఫా దాటి, చమురు బావులున్న ఎడారి దాటి, ఇంచుమించు దీవి చివరికంటా పరుగెత్తితే ఒక మారథాన్. ఇంకోలా చెప్పాలంటే సౌదీ వెళ్లే కాజ్‌వే పొడవు 25 కిలోమీటర్లు. దాన్ని అటు దాటి, మళ్లీ సగానికి పైగా వెనక్కి రావాలి. అదీ ఎక్కడా కూర్చోకుండా.

అంత దూరంలో అనుకున్నది అనుకున్నట్టు జరగడం అరుదు. పిక్క పట్టేస్తుంది. కడుపులో తిప్పుతుంది. బూటులో బొబ్బ లేస్తుంది. తెల్లారితే చల్లగా ఉంటుందనుకున్న వాతావరణం ఉక్కబోతగా మారుతుంది. అందుకే మారథాన్‌లో గెలిచేది ఎప్పుడూ అందరికన్నా వేగంగా పరుగెత్తగలిగినవాళ్లే కాదు. అడ్డంకి ఎదురైనప్పుడు లెక్క మార్చుకున్నవాళ్లు కూడా. ఈ మాటకు సాక్ష్యం దూరంగా ఎక్కడో వెతకక్కర్లేదు. బహ్రెయిన్ జెర్సీ వేసుకుని పరుగెత్తిన రోజ్ చెలిమో ఉన్నారు.

నెమ్మదిస్తే పతకం!

చెలిమో పుట్టింది కెన్యాలో, 1989లో. తర్వాత బహ్రెయిన్ పౌరసత్వం తీసుకుని ఈ దేశం తరఫున పోటీలకు దిగారు. ఆమె పరుగుల్లో నాలుగింటిని వరుసగా చూడండి.

2016 రియో ఒలింపిక్స్: 2 గంటల 27 నిమిషాల 36 సెకన్లు. వచ్చింది ఎనిమిదో స్థానం.

2017 లండన్ ప్రపంచ ఛాంపియన్‌షిప్: 2 గంటల 27 నిమిషాల 11 సెకన్లు. స్వర్ణం. రెండో స్థానంలో వచ్చిన కెన్యా క్రీడాకారిణి ఎడ్నా కిప్లగాట్‌కన్నా కేవలం ఏడు సెకన్లు ముందు.

2018 జకార్తా ఆసియా క్రీడలు: 2 గంటల 34 నిమిషాల 51 సెకన్లు. అంటే రియోకన్నా ఏడు నిమిషాలకు పైగా ఆలస్యం. అయినా స్వర్ణం.

2019 దోహా ప్రపంచ ఛాంపియన్‌షిప్: 2 గంటల 33 నిమిషాల 46 సెకన్లు. లండన్ పరుగుకన్నా ఆరున్నర నిమిషాలు ఎక్కువ. అయినా రజతం.

వేగంగా పరుగెత్తిన రియోలో ఎనిమిదో స్థానం. నెమ్మదిగా పరుగెత్తిన జకార్తా, దోహాల్లో పతకాలు. ఇదేం విచిత్రం? విచిత్రమేమీ లేదు. జకార్తా, దోహాల్లో వేడి. ఆ వేడిలో లండన్ వేగం కోసం ప్రయత్నించినవాళ్లు మధ్యలోనే పడిపోతారు. ఈ రోజు నేల ఇలా ఉంది, గాలి ఇలా ఉంది, ఒంట్లో ఇంత ఉంది అని చూసుకుని అడుగు వేసినవాళ్లు గీత దాటతారు.

అర్ధరాత్రి పరుగు

దోహా కథ కాస్త వివరంగా చెప్పుకోవాలి. ఎందుకంటే అది మన గల్ఫ్ గాలిలో జరిగిన కథ.

2019 సెప్టెంబరు 27. పగలు పరుగెత్తించడం కుదిరే పని కాదని మహిళల మారథాన్‌ను రాత్రి 11 గంటల 59 నిమిషాలకు మొదలుపెట్టారు. సముద్రం పక్కన కార్నిష్ రోడ్డు మీద ఏడేసి కిలోమీటర్ల చుట్లు, ఆరుసార్లు. సూర్యుడు లేడు కదా, చల్లగా ఉంటుందనుకుంటాం. కానీ ఆ వేళ ఉష్ణోగ్రత 32 డిగ్రీలు దాటింది. గాలిలో తేమ 73 శాతం. గల్ఫ్‌లో సెప్టెంబరు రాత్రి ఎలా ఉంటుందో మనవాళ్లకు వేరే చెప్పాలా? ఏసీ రూములోంచి బయటికొస్తే కళ్లజోడు మీద ఆవిరి పట్టే కాలం అది.

మొత్తం 68 మంది పరుగు మొదలెట్టారు. అందరూ ఆయా దేశాల్లో మేటి క్రీడాకారిణులే. గీత దాటింది 40 మంది. మిగతా 28 మంది దారిలోనే ఆగిపోయారు. కొందరిని చక్రాల కుర్చీల్లో తీసుకెళ్లారు. ఇథియోపియా నుంచి వచ్చిన ముగ్గురికి ముగ్గురూ ఆగిపోయారు. కెన్యాకు చెందిన రూత్ చెప్‌గెటిచ్ 2 గంటల 32 నిమిషాల 43 సెకన్లలో గెలిచారు. ప్రపంచ ఛాంపియన్‌షిప్ మహిళల మారథాన్ చరిత్రలోనే అప్పటికి అది అత్యంత నెమ్మదైన విజయం. ఆమె వెనక ఒక నిమిషం మూడు సెకన్ల తేడాతో బహ్రెయిన్ చెలిమో.

ఈ పరుగు చూశాకే అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ ఉలిక్కిపడింది. తర్వాతి నెలలోనే టోక్యో ఒలింపిక్స్ మారథాన్‌ను టోక్యో నుంచి తీసేసి, ఎంతో ఉత్తరాన ఉన్న సపొరో నగరానికి మార్చింది. అక్కడ కూడా 2021 ఆగస్టులో ఎండ ముదురుతుందని మహిళల పరుగును ఒక గంట ముందుకు జరిపి, ఉదయం 6కే మొదలుపెట్టారు.

అంటే ప్రపంచంలోనే గట్టి కాళ్లున్న మనుషుల కోసం ఊరు మార్చారు, వేళ మార్చారు. ఎండ దగ్గర పంతం చెల్లదని ఒప్పుకున్నారు. మరి సల్మాబాద్‌లోనో, సిత్రాలోనో, హిద్‌లోనో సైటు మీద ఇనుము మోసే మన తమ్ముడు మాత్రం పంతానికి పోతే ఎలా?

మన ఎండ వేరు, ఇక్కడి ఎండ వేరు

"ఎండ మనకు కొత్తా అన్నా? రామగుండంలో పుట్టినోణ్ణి" అనే మాట క్యాంపుల్లో తరచూ వినిపిస్తుంది. నిజమే. కరీంనగర్, నిజామాబాద్, కడప ఎండలు తక్కువవేం కావు. మే నెలలో 45 డిగ్రీలు చూసినవాళ్లం. కానీ అది చాలామటుకు పొడి ఎండ. చెమట పట్టగానే గాలికి ఆరిపోతుంది. ఆరేటప్పుడు ఒంట్లోని వేడిని తీసుకుపోతుంది. కుండలో నీళ్లు చల్లబడే పద్ధతే ఇది.

బహ్రెయిన్ చుట్టూ సముద్రం. గాలి నిండా తేమ. అలాంటి గాలిలో చెమట కారుతుంది కానీ ఆరదు. చొక్కా తడిసి ముద్దవుతుంది, ఒళ్లు మాత్రం చల్లబడదు. గుండె రెండు పనులు ఒకేసారి చేయాలి. కండరాలకు రక్తం పంపాలి, చల్లబరచడానికి చర్మానికీ రక్తం పంపాలి. అందుకే అదే పని, అదే వేగం ఇక్కడ రెండింతలు కష్టంగా అనిపిస్తుంది. దోహాలో 28 మందిని ఆపింది ఎండ కాదు, ఈ ఉక్కే.

బహ్రెయిన్ ప్రభుత్వం 2007 నుంచి వేసవిలో మధ్యాహ్నం 12 నుంచి 4 గంటల దాకా ఆరుబయట పనిని నిషేధిస్తోంది. మొదట జులై, ఆగస్టు రెండు నెలలకే ఉన్న ఈ నిబంధనను 2025లో మూడు నెలలకు పెంచి, జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా చేశారు. మంచిదే. కానీ దోహా పరుగు జరిగింది సెప్టెంబరు 27న, అదీ అర్ధరాత్రి. నిషేధం వేళ దాటిందంటే ప్రమాదం దాటినట్టు కాదని గుర్తుంచుకోవాలి. సాయంత్రం డ్యూటీ, రాత్రి షిఫ్టు చేసేవాళ్లకూ ఇది వర్తిస్తుంది.

ఇంకో సంగతి. ఒళ్లు వేడికి అలవాటు పడటానికి ఒకటి రెండు వారాలు పడుతుంది. కొత్తగా వచ్చినవాళ్లకు ఎండలో మొదటి రోజు మామూలు పనిలో ఐదో వంతే ఇచ్చి, తర్వాత రోజుకో ఐదో వంతు పెంచాలని అమెరికాలోని కార్మికుల ఆరోగ్య పరిశోధన సంస్థ సలహా ఇస్తోంది. ఊరికెళ్లి నెలా రెండు నెలలు సెలవు గడిపి వచ్చిన పాతకాపులూ జాగ్రత్తగానే ఉండాలి. వారం పైగా దూరంగా ఉంటే ఆ అలవాటు తగ్గిపోతూ వస్తుంది. "పదేళ్ల నుంచి ఇక్కడే ఉన్నా, నాకేమవుద్ది" అనుకుని విమానం దిగిన మర్నాడే మండుటెండలో పూర్తి డ్యూటీకి ఎక్కడం మంచిది కాదు.

30 కిలోమీటర్ల దగ్గర గోడ

మారథాన్ పరుగెత్తేవాళ్లు ఒక గోడ గురించి చెబుతారు. కంటికి కనిపించే గోడ కాదు. 30 కిలోమీటర్లు దాటాక ఒక్కసారిగా కాళ్లు సీసం పోసినట్టు బరువెక్కుతాయి. అప్పటిదాకా తేలిగ్గా సాగిన అడుగు పడనని మొరాయిస్తుంది. కారణం ఏమిటంటే కండరాల్లో, కాలేయంలో నిల్వ ఉన్న చక్కెర దాదాపు అక్కడికి ఖాళీ అవుతుంది. ఒళ్లు కొవ్వును కరిగించుకోవాల్సి వస్తుంది. అది నెమ్మదిగా జరిగే పని.

ఈ గోడను అందరికన్నా గట్టిగా గుద్దుకునేది మొదట్లో ఉత్సాహంగా ఉరికినవాళ్లే. మొదటి పది కిలోమీటర్లలో ఒక్కో నిమిషం మిగుల్చుకుంటారు. చివరి పదిలో దానికి పదింతలు పోగొట్టుకుంటారు. అందుకే అనుభవం ఉన్నవాళ్లు మొదటి సగం చేతులు కట్టుకున్నట్టే పరుగెత్తుతారు. దారిలో అరటిపండో, ఖర్జూరమో, చక్కెర కలిపిన నీళ్లో తీసుకుంటూ పోతారు. ఆకలి వేశాక తినడం కాదు, వేయకముందే.

పిక్క పట్టేసిందనుకోండి. ఆగి, కాలు చాపి, మెల్లగా సాగదీసి, కొంత దూరం నడిచి, మళ్లీ మొదలెట్టాలి. బొబ్బ లేస్తే ఆగి ప్లాస్టర్ వేసుకోవాలి. రెండు నిమిషాలు పోతాయి. పోనివ్వాలి. ఆ రెండు నిమిషాలు దాచుకోబోతే కుంటుకుంటూ నడిచి ఇరవై నిమిషాలు పోతాయి. అందుకే కొత్త బూట్లతో ఎవరూ మారథాన్‌కు దిగరు. సైటులో సేఫ్టీ బూట్లు కొత్తవి ఇచ్చిన రోజు మన కాళ్ల సంగతి గుర్తుచేసుకుంటే ఇది తేలిగ్గా అర్థమవుతుంది.

నీళ్లు.. తక్కువైనా ముప్పే, ఎక్కువైనా ముప్పే

1984 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్. ఆడవాళ్లకు ఒలింపిక్స్‌లో మారథాన్ పెట్టడం అదే మొదటిసారి. స్విట్జర్లాండ్ తరఫున పరుగెత్తిన 39 ఏళ్ల గాబ్రియేలా ఆండర్సన్-షీస్ దారిలో చివరి నీళ్ల కేంద్రాన్ని చూసుకోకుండా దాటిపోయారు. స్టేడియంలోకి వచ్చేసరికి ఒళ్లు ఒక పక్కకు వాలిపోయింది. ఒక చెయ్యి వేలాడిపోయింది. చివరి 400 మీటర్లకు ఐదు నిమిషాల 44 సెకన్లు పట్టింది. వైద్యులు పక్కనే నడుస్తూ ఆమెను గమనించారు. ముట్టుకుంటే పోటీ నుంచి తప్పించాల్సి వస్తుంది. ఇంకా చెమట పడుతోందని చూసి, ఒళ్లు చల్లబరచుకునే శక్తి మిగిలే ఉందని అంచనా వేసి ముందుకు సాగనిచ్చారు. 37వ స్థానంలో గీత దాటి కుప్పకూలారు. చికిత్సతో త్వరగానే కోలుకున్నారు. ఒక్క నీళ్ల కేంద్రం తప్పిపోయినందుకు ఇంత.

2016 రియో ఒలింపిక్స్‌లో మన భారత క్రీడాకారిణి ఓ.పి.జైషా కూడా మారథాన్ పూర్తిచేసి గీత దగ్గరే కుప్పకూలారు. 2 గంటల 47 నిమిషాల 19 సెకన్లతో 89వ స్థానం. దారిలో భారత జట్టు బల్లల దగ్గర తనకు నీళ్లు అందించేవారే లేరని ఆమె తర్వాత చెప్పారు. ఆ మాటను భారత అథ్లెటిక్స్ సమాఖ్య కాదంది. నీళ్లు ఎక్కడ దొరుకుతాయి, ఎవరు ఇస్తారు అన్నది బయల్దేరకముందే తేల్చుకోవాలన్న పాఠం మాత్రం మిగిలింది.

అలాగని నీళ్లు అదేపనిగా తాగేయడం కూడా మందు కాదు. 2002 బోస్టన్ మారథాన్ పూర్తిచేసినవారిలో 488 మంది రక్తాన్ని పరీక్షిస్తే 13 శాతం మందిలో ఉప్పు ఉండాల్సినదానికన్నా తగ్గిపోయింది. పరుగు పొడుగునా ఉత్త నీళ్లు అతిగా తాగినవాళ్లలో ఇది ఎక్కువ. తలనొప్పి, వాంతులు, మతి తప్పడం దీని లక్షణాలు. ముదిరితే ప్రాణం మీదికి వస్తుంది.

మరి ఏం చేయాలి? ఎండలో పని చేసేటప్పుడు 15-20 నిమిషాలకోసారి ఒక గ్లాసు చొప్పున తాగాలి. గంటకు లీటరున్నరకు చేరనివ్వొద్దు. రెండు గంటలకు మించి చెమటోడిస్తే ఉత్త నీళ్లు చాలవు, ఉప్పూ కావాలి. మందుల షాపులో దొరికే ఓఆర్‌ఎస్ ప్యాకెట్‌ను దాని మీద రాసినన్ని నీళ్లలోనే కలపాలి. లేదంటే మన ఉప్పు మజ్జిగ ఉండనే ఉంది. కోల్డ్‌స్టోరులో దొరికే లబన్ కూడా దాదాపు అదే. రక్తపోటు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు మాత్రం ఉప్పు సంగతి డాక్టర్‌ను అడిగి తేల్చుకోవాలి.

తప్పు మనది కాకపోయినా..

కొన్ని దెబ్బలు మన ఒంటి వల్లా రావు, వాతావరణం వల్లా రావు. ఎవరో చేసినదానికి మనం పడాల్సి వస్తుంది. గల్ఫ్‌కొచ్చిన వాళ్లకు ఇది బాగా తెలిసిన నొప్పి. చెప్పిన పని ఒకటి, ఇచ్చిన పని ఒకటి. మాట్లాడిన జీతం ఒకటి, చేతికొచ్చేది ఒకటి.

2004 ఏథెన్స్ ఒలింపిక్స్ మారథాన్‌లో బ్రెజిల్‌కు చెందిన వాండర్లెయ్ డి లిమా అందరికన్నా ముందున్నాడు. దాదాపు 35 కిలోమీటర్లు అయ్యాయి. ఎవడో ఒకడు రోడ్డు పక్కనుంచి ఉరికొచ్చి, అతణ్ణి పట్టుకుని జనంలోకి నెట్టేశాడు. ఒక గ్రీకు ప్రేక్షకుడు పరుగున వచ్చి విడిపించాడు. డి లిమా మళ్లీ రోడ్డెక్కాడు. కానీ లయ తప్పింది. వెనకున్న ఇద్దరు దాటిపోయారు. కూర్చుని ఏడవొచ్చు, గొడవ పెట్టుకోవచ్చు. అతను స్టేడియంలోకి నవ్వుతూ, విమానంలా చేతులు చాపి ఊగుతూ వచ్చాడు. మూడో స్థానంలో, 2 గంటల 12 నిమిషాల 11 సెకన్లలో పరుగు ముగించాడు. ఆ స్ఫూర్తికి ఒలింపిక్ కమిటీ పియర్ డి కూబర్తిన్ పతకం ఇచ్చింది. పన్నెండేళ్ల తర్వాత రియో ఒలింపిక్స్ జ్యోతిని వెలిగించే గౌరవం అతనికే దక్కింది.

అతను కోపాన్ని మింగేశాడని కాదు. జరిగిన అన్యాయంపై బ్రెజిల్ ఫిర్యాదు చేసింది కూడా. ఫిర్యాదు ఫిర్యాదే, పరుగు పరుగే. రెండూ ఒకేసారి చేయొచ్చని అతను చూపించాడు.

అడ్డదారి ఎంతో దూరం పోదు

బహ్రెయిన్ మారథాన్ కథలో చేదు పేజీ కూడా ఉంది. దాచడం ఎందుకు? కెన్యా నుంచే వచ్చి బహ్రెయిన్ తరఫున పరుగెత్తిన యూనిస్ కిర్వా 2014 ఆసియా క్రీడల్లో స్వర్ణం, 2015 బీజింగ్ ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో కాంస్యం, 2016 రియో ఒలింపిక్స్‌లో రజతం తెచ్చారు. 2019లో ఆమె రక్తంలో ఎర్రకణాలను పెంచే ఈపీవో మందు వాడినట్టు తేలి, నాలుగేళ్ల నిషేధం పడింది. రియోలో ఆమెను దాటి స్వర్ణం గెలిచిన జెమీమా సుంగాంగ్ కూడా తర్వాత ఇలాంటి కారణంతోనే నిషేధానికి గురయ్యారు. దోహా విజేత చెప్‌గెటిచ్‌ది ఇంకో మందు. 2024లో షికాగోలో 2 గంటల 9 నిమిషాల 56 సెకన్లతో ప్రపంచ రికార్డు పెట్టిన ఆమెకు 2025లో మూడేళ్ల నిషేధం విధించారు.

మనకు దీంతో పనేమిటి అనుకోవద్దు. షిఫ్టు లాగించడానికి పొద్దున్నే రెండు ఎనర్జీ డ్రింకులు, మధ్యాహ్నానికి ఒక నొప్పి మాత్ర వేసుకునే అలవాటు చాలా క్యాంపుల్లో ఉంది. ఇవి నిషేధించిన మందులు కావు, నిజమే. కానీ ఒంట్లో నీళ్లు తగ్గినప్పుడు ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు కిడ్నీల మీద భారం వేస్తాయి. నొప్పి అంటే ఒళ్లు చెప్పే కబురు. కబురు తెచ్చినవాడి నోరు నొక్కితే కష్టం తీరదు. మారథాన్ డాక్టర్లు కూడా పరుగుకు ముందు ఈ మాత్రలు వేసుకోవద్దనే చెబుతారు.

ఆగినవాళ్లు ఏమయ్యారు?

1968 మెక్సికో ఒలింపిక్స్‌లో టాంజానియాకు చెందిన జాన్ స్టీఫెన్ అక్వారీ పడిపోయి మోకాలు దెబ్బతిన్నా, కట్టు కట్టుకుని, విజేత వచ్చిన గంటకు పైగా ఆలస్యంగా గీత దాటాడు. అతని కథ ప్రపంచమంతా చెప్పుకుంటుంది. చెప్పుకోవాలి కూడా. కానీ ఆ కథ ఒక్కటే చెప్పుకుంటే మనవాళ్లు పొరపడతారు. ఏ దెబ్బ తగిలినా ఆగకూడదేమో అనుకుంటారు. మోకాలి నొప్పి వేరు, ఎండదెబ్బ వేరు. మోకాలు నొప్పెడితే మెల్లగా నడవొచ్చు. ఒళ్లు లోపల 40 డిగ్రీలు దాటి మతి తప్పుతుంటే నడవకూడదు. అక్కడ ఒక్క గంట మొండితనం ప్రాణానికే ఎసరు.

అందుకే దోహాలో ఆగిపోయిన ఇథియోపియా క్రీడాకారిణి రోజా డెరెజె కథ కూడా చెప్పుకోవాలి. 2019 సెప్టెంబరు 27 రాత్రి ఆమె పరుగు పూర్తిచేయలేదు. అదే ఏడాది డిసెంబరు 1న స్పెయిన్‌లోని వాలెన్సియా మారథాన్‌లో 2 గంటల 18 నిమిషాల 30 సెకన్లతో మొదటి స్థానంలో వచ్చింది. అంటే ఆగిన రెండు నెలలకే, దోహా విజేత సమయానికన్నా 14 నిమిషాలు తక్కువలో పరుగు ముగించింది. 2021 ఒలింపిక్ మారథాన్‌లో నాలుగో స్థానం. ఆ రాత్రి ఆగడం ఆమెను ఓడించలేదు.

మన దగ్గర ఆగడానికి అడ్డం వచ్చేవి చాలా ఉన్నాయి. ఏజెంటుకు కట్టిన అప్పు. ఊళ్లో ఇల్లు సగంలో ఉంది. చెల్లెలి పెళ్లి దగ్గరపడింది. "ఒక్క రోజు డ్యూటీ పోతే జీతం కోస్తారు" అన్న భయం. ఈ భయాలు ఉత్తవని ఎవరూ అనలేరు. కానీ లెక్క వేసుకోండి. ఒక పూట పోతే పోయేది ఒక పూట కూలీ. మనిషే పోతే అప్పు అలాగే ఉంటుంది, ఇల్లు సగంలోనే ఉంటుంది, తీర్చేవాడు ఉండడు.

పక్కవాడు పడిపోతే..

ఎండలో కళ్లు తిరగడం, తలనొప్పి, వికారం, విపరీతమైన చెమట, కండరాలు పట్టేయడం - ఇవి మొదటి హెచ్చరికలు. వెంటనే పని ఆపి నీడలోకి రావాలి. బూట్లు, హెల్మెట్ తీసేసి, ఒళ్లు తడిపి, ఉప్పు నీళ్లు మెల్లగా తాగాలి. "అన్నా, కళ్లు తిరుగుతున్నయ్" అని తమ్ముడు చెబితే "ఇంకో పది నిమిషాలు ఓర్చుకో" అనకండి.

మాట తడబడటం, అడిగినదానికి సంబంధం లేని జవాబు చెప్పడం, తూలడం, ఊరికే కోపం తెచ్చుకోవడం, స్పృహ తప్పడం - ఇవి ఎండదెబ్బ గుర్తులు. చెమట ఆగిపోతేనే ఎండదెబ్బ అనుకోవద్దు. కష్టపడి పనిచేసేవాళ్లలో చెమట పడుతూనే ఎండదెబ్బ తగలొచ్చు. మతి తప్పడమే అసలు గుర్తు. వెంటనే 999కి ఫోన్ చేయాలి. అంబులెన్స్ వచ్చేదాకా చూస్తూ నిలబడొద్దు. బట్టలు వదులు చేసి, ఒళ్లంతా చల్లటి నీళ్లు పోయాలి. మెడ, చంకలు, గజ్జల్లో ఐసు పెట్టాలి. అట్టముక్కతోనైనా విసరాలి. స్పృహ లేనివారి నోట్లో నీళ్లు పోయకూడదు. మారథాన్ వైద్యులు పాటించే సూత్రం కూడా ఇదే. ముందు చల్లబరచు, తర్వాత ఆస్పత్రికి తరలించు.

మీరూ పరుగెత్తాలనుకుంటే..

పరుగుకు ఖర్చు పెద్దగా లేదు. మంచి బూట్లు ఒక జత ఉంటే చాలు. బహ్రెయిన్‌లో నవంబరు నుంచి మార్చి దాకా వాతావరణం హాయిగా ఉంటుంది. శుక్రవారం తెల్లవారుజామున కార్నిష్ పక్కన రోడ్డు ఖాళీ. రూములో ఇద్దరు ముగ్గురు కలిస్తే విసుగు కూడా ఉండదు.

మొదటి రోజే పది కిలోమీటర్లు అనుకోవద్దు. ఐదు నిమిషాలు నడక, రెండు నిమిషాల పరుగు, మళ్లీ నడక. ఇలా అరగంట, వారానికి మూడుసార్లు. పక్కవాడితో మాట్లాడగలిగే వేగమే సరైన వేగం. మాట రాకుండా రొప్పుతున్నారంటే ఎక్కువైనట్టు. రెండు మూడు నెలల్లో ఐదు కిలోమీటర్లు ఆగకుండా వెళ్లగలరు. తర్వాత పది, ఆ తర్వాత 21 కిలోమీటర్ల హాఫ్ మారథాన్. పూర్తి మారథాన్‌కు అక్కడి నుంచి ఇంకో నాలుగైదు నెలలైనా పడుతుంది. నలభై దాటినవాళ్లు, చక్కెర జబ్బు, రక్తపోటు ఉన్నవాళ్లు, ఇంట్లో గుండె జబ్బు ఉన్నవాళ్లు డాక్టర్‌కు చూపించుకున్నాకే మొదలుపెట్టాలి. ఛాతీలో బరువు, ఎడమ చెయ్యి లాగడం, దవడ నొప్పి అనిపిస్తే అక్కడికక్కడే ఆగిపోవాలి.

రోజంతా సైటులో ఒళ్లు వంచేవాళ్లకు అలసట మీద ఇంకో అలసట అక్కర్లేదు. వాళ్లకు సెలవు రోజు విశ్రాంతే మొదటి వ్యాయామం. డ్రైవర్లు, సెక్యూరిటీ గార్డులు, దుకాణాల్లో, ఆఫీసుల్లో కూర్చుని పనిచేసేవాళ్లకు మాత్రం ఈ పరుగు ఎంతో మేలు.

కెన్యా కొండల్లోంచి చెలిమో ఒకలా వచ్చారు, మన ఊళ్లలోంచి మనం ఇంకోలా వచ్చాం. ఇద్దరికీ దారి పొడుగే, గాలి ఒకటే. దోహాలో ఆమె లండన్ వేగం కోసం పంతం పట్టలేదు. ఆరున్నర నిమిషాలు వదులుకుని పతకం పట్టుకుంది. డెరెజె ఆ రాత్రిని వదులుకుని రెండు నెలల తర్వాత గెలిచింది. రేపు పొద్దున సైటుకెళ్లే ముందు నీళ్ల సీసా నింపుకోండి. పక్కవాడి సీసా కూడా నిండిందో లేదో ఒకసారి చూడండి.